పీటీఎస్‌డీ కోచ్ యాప్: దేనికి పనికొస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

మానసిక గాయాల నుంచి బయటపడేస్తామనే యాప్‌లకు కొదవలేదు. చాలావాటిని తెరిస్తే సముద్రపు హోరు, వేణునాదం, ఏడు రోజులు ఉచితం, ఎనిమిదో రోజు నుంచి కార్డు నంబరు. పీటీఎస్‌డీ కోచ్ (పీటీఎస్‌డీ అంటే ఘోరమైన సంఘటన జరిగి నెల దాటినా వదలని మానసిక గాయపు జబ్బు) ఆ బాపతు కాదు. అమెరికా మాజీ సైనికుల వ్యవహారాల శాఖలోని జాతీయ పీటీఎస్‌డీ కేంద్రం, అక్కడి రక్షణ శాఖతో కలిసి దీన్ని 2011లో విడుదల చేసింది. ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ దొరుకుతుంది. డబ్బు కట్టక్కర్లేదు, ఖాతా తెరవక్కర్లేదు. సైనికుల కోసం తయారైనా ప్రమాదం, దాడి, లైంగిక హింస, ప్రకృతి విపత్తు, ఏ దెబ్బ తిన్నవారైనా వాడుకోవచ్చు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. జ్వరం వచ్చినప్పుడు థర్మామీటరూ, నుదుటి మీద తడిగుడ్డా ఎలాంటివో ఈ యాప్ అలాంటిది. ఆ రెండు పనులూ బాగా చేస్తుంది. జ్వరం ఎందుకొచ్చిందో దాన్ని తగ్గించడం దీని పని కాదు. ఈ సంగతి తెలిసి వాడేవాళ్లకు చాలా అక్కరకొస్తుంది. తెలియకుండా వాడితే మాత్రం అసలు సమస్యను పెంచి పోషించే అలవాటుగా మారొచ్చు. దాని గురించి కింద కాస్త వివరంగానే రాశాం, ఎందుకంటే యాప్ స్టోర్‌లోని రివ్యూలు చాలావరకు ఆ మాట ఎత్తవు.

యాప్‌లో నాలుగు భాగాలు: సమస్య గురించి తెలుసుకోవడం, లక్షణాలు కొలుచుకోవడం, లక్షణాలు తన్నుకొచ్చినప్పుడు తట్టుకోవడం, సాయం అందుకోవడం. తెలుగులో లేదు, ఇంగ్లీషు చదవగలగాలి. ఇంగ్లీషు రానివారికి ఎవరైనా పక్కన కూర్చుని చదివి చెప్పొచ్చు. అయితే ఆ కూర్చునే మనిషి గాయానికి కారణమైనవాళ్లలో ఒకరు కాకూడదు. ఎదురుగా అలాంటి మనిషి ఉన్నప్పుడు వచ్చే జవాబులు దేనికీ పనికిరావు.

తెలుసుకునే భాగం

చిన్న చిన్న పేజీలు, సూటి వాక్యాలు. భయపెట్టదు, జాలి చూపదు. మాజీ సైనికులను ఉద్దేశించి రాసినట్టు అక్కడక్కడా అనిపిస్తుంది, ఆ మాటలు దాటేసి చదవొచ్చు.

ఇందులో పట్టుకోవాల్సిన విషయం ఒకటే. మామూలు జ్ఞాపకానికి మొదలూ తుదీ ఉంటాయి, ఎప్పటిదో తెలుస్తుంది. గాయం తాలూకు జ్ఞాపకం ముక్కలుగా పడి ఉంటుంది: ఒక వాసన, బ్రేకు కీచుమన్న చప్పుడు, ఒక చొక్కా రంగు. ఆ ముక్కల్లో ఏది తగిలినా ఒళ్లు అప్పటిలాగే లేచి నిలబడుతుంది. పాము కరిచినవాడు తాడును చూసి ఎగిరి గంతేస్తే అతనికి తాడూ పామూ తేడా తెలియక కాదు, తెలిసేలోపే కాళ్లు గాల్లో ఉంటాయి. అందుకే 'అయిపోయిందేదో అయిపోయింది, మర్చిపో' అని ఇంట్లోవాళ్లు ఎన్నిసార్లు చెప్పినా లాభం ఉండదు. అయిపోయిందని ఆ మనిషికీ తెలుసు, ఒంటికే ఇంకా తెలియలేదు.

లక్షణాలను నాలుగు గుంపులుగా చెబుతారు. వద్దన్నా గుర్తుకొచ్చి మీద పడటం, గుర్తుచేసేవాటి నుంచి తప్పించుకోవడం, మనసూ ఆలోచనలూ నల్లబడిపోవడం (నాదే తప్పు, ఎవర్నీ నమ్మలేను, దేనిమీదా ఇష్టం లేదు), ఒళ్లంతా ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు ఉండటం. నిద్ర పట్టకపోవడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, ఊరికే కోపం రావడం ఈ చివరి గుంపులోవే. ఆఖరిదాన్ని చాలా ఇళ్లలో రోగ లక్షణంగా గుర్తించరు, 'ఈ మధ్య బాగా చిరాకు పడుతున్నాడు' అని వదిలేస్తారు.

సంఘటన జరిగి నెల దాటనిదే దాన్ని పీటీఎస్‌డీ అనరు. మొదటి వారాల్లో నిద్ర చెడటం, కళ్ల ముందు అదే తిరగడం, అన్నం సయించకపోవడం చాలామందిలో కనిపిస్తాయి. ఎక్కువమందిలో వాటంతటవే సద్దుమణుగుతాయి. కాబట్టి దెబ్బ తిన్న మూడోరోజే యాప్ తెరిచి స్కోరు చూసుకుని బెంబేలు పడొద్దు. ఆ రోజుల్లో కావాల్సింది క్షేమంగా ఉండే చోటు, నిద్ర, తిండి, పక్కన ఒక మనిషి. చెప్పాలనిపిస్తే వినే చెవి, చెప్పాలని లేకపోతే అడగని నోరు. జరిగిందంతా వెంటనే ఒక్క సిట్టింగులో చెప్పించి 'బరువు దింపే' పద్ధతి ఒకప్పుడు బాగా నడిచింది. మేలు కనిపించక బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2018 మార్గదర్శకాల్లో దాన్ని వద్దంది.

కొలత: యాప్‌లో అన్నిటికన్నా విలువైన భాగం

ఇక్కడ వాడింది పీసీఎల్-5 అనే ప్రశ్నావళి. డాక్టర్లూ పరిశోధకులూ వాడేది కూడా ఇదే, యాప్ కోసం అల్లిన క్విజ్ కాదు. 20 ప్రశ్నలు, ఒక్కోదానికి 'అస్సలు లేదు' నుంచి 'విపరీతంగా' దాకా 0 నుంచి 4. మొత్తం 80. 31 నుంచి 33 మధ్య గానీ ఆపైన గానీ వస్తే పీటీఎస్‌డీ ఉండే అవకాశం గట్టిగానే ఉందని, మనిషిని కలిసి పరీక్ష చేయించుకోవాలని అర్థం. స్కోరు ఒక్కటే రోగనిర్ధారణ కాదు. 28 వచ్చి నిద్రలేక అల్లాడుతున్నవాళ్లు 'నాకేం లేదట' అని ఊరుకోవడం కూడా పొరపాటే.

మనుషులు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. మొదటిది, ప్రశ్నలన్నీ ఒకే సంఘటన గురించి. నాలుగు దెబ్బలు తిన్నవాళ్లు ఇప్పుడు ఎక్కువగా వేధిస్తున్న ఒక్కదాన్ని ఎంచుకుని, అది మనసులో పెట్టుకునే ఇరవైకీ జవాబివ్వాలి. ప్రతిసారీ అదే సంఘటన. ఒకసారి ప్రమాదం, ఇంకోసారి చిన్ననాటి సంగతి తలచుకుని నింపితే రెండు స్కోర్లను పోల్చడానికి వీల్లేదు. రెండోది, ప్రశ్నలు గడిచిన నెల గురించి అడుగుతాయి, మనం నిన్న రాత్రి గురించి జవాబిస్తాం. పీడకల వచ్చిన మర్నాడు పొద్దున్నే కూర్చుంటే స్కోరు పెరుగుతుంది. వారంలో ఒక రోజు, ఒక వేళ అనుకుని దానికే కట్టుబడితే ఈ తేడా చాలావరకు పోతుంది.

మూడోది కాస్త సూక్ష్మం. 1 నుంచి 5 దాకా ప్రశ్నలు మీద పడే జ్ఞాపకాలవి, 6, 7 తప్పించుకోవడానివి, 8 నుంచి 14 మనసువి, 15 నుంచి 20 ఒంటి కాపలావి. ఒకరికి మొదట 46 వచ్చిందనుకుందాం: జ్ఞాపకాలు 13, తప్పించుకోవడం 7, మనసు 14, కాపలా 12. నెల తర్వాత 37: జ్ఞాపకాలు 8, తప్పించుకోవడం 8, మనసు 12, కాపలా 9. తొమ్మిది తగ్గాయని సంబరపడొచ్చు గానీ ఆ రెండో అంకె చూడండి. 8కి 8. అంటే ఆ మనిషి బస్సెక్కడం మానేశాడు, వార్తలు మానేశాడు, ఆ వీధి మానేశాడు, కాబట్టి గుర్తుచేసేవే ఎదురుకాలేదు. గాయం మానలేదు, తిరిగే చోటు తగ్గిపోయింది. అందుకే మొత్తం ఒక్కటే చూడకుండా, జవాబులిచ్చేటప్పుడే ఈ నాలుగు గుంపుల మొత్తాలూ ఒక కాగితం మీద విడివిడిగా వేసుకోండి. థెరపిస్టుకు ఆ కాగితం చేతికిస్తే మొదటి సిట్టింగులో సగం పని అయిపోయినట్టే.

రెండు మూడు పాయింట్ల ఎగుడుదిగుళ్లను పట్టించుకోవద్దు. పది పాయింట్లు తగ్గితే నిజమైన మార్పు అనుకోవచ్చు. మంచి చికిత్స మొదలైన తొలి వారాల్లో స్కోరు కాస్త పెరిగినా కంగారు పడక్కర్లేదు, ఇన్నాళ్లూ తొక్కిపెట్టింది కదిలితే అలా జరుగుతుంది. యాప్ గుర్తుచేసే సౌకర్యం పెట్టుకుంటే కొలత మర్చిపోరు, గ్రాఫు కూడా తనే గీస్తుంది. రోజూ కొలుచుకోకండి. దానివల్ల తెలిసేది ఏమీ ఉండదు, రోజంతా లక్షణాలను వెతుక్కునే అలవాటు తప్ప.

తట్టుకునే భాగం: తడిగుడ్డ ఎలా వేసుకోవాలి

ఈ భాగం తెరిస్తే ఇప్పుడు ఏది బాధపెడుతోందని అడుగుతుంది. గాయం గుర్తొచ్చిందా, కోపమా, దిగులా, ఆందోళనా, మనుషుల నుంచి దూరమైనట్టుందా, చుట్టూ ఉన్నది నిజం కానట్టుందా, నిద్ర పట్టట్లేదా. ఒకటి నొక్కితే బాధ ఎంతుందో 0 నుంచి 10 దాకా గుర్తించమంటుంది. ఆపైన ఒక పద్ధతి ముందుకు తెస్తుంది. నచ్చకపోతే మార్చుకోవచ్చు. అయ్యాక మళ్లీ 0 నుంచి 10. ఈ ముందూ వెనకా కొలతే ఈ భాగానికి ప్రాణం. 7 నుంచి 5కి దిగితే ఆ పద్ధతి మీకు పనిచేసినట్టు. సున్నాకి రావాలని చూడకండి, సున్నా కోసం పట్టుబట్టేవాళ్లే మధ్యలో యాప్ పారేస్తారు. మీ ఫోన్లోని పాటలు, ఫొటోలు, దగ్గరివాళ్ల నంబర్లు ముందే ఇందులోకి చేర్చుకునే వీలుంది. ఓపిక ఉన్న రోజు ఒక పావుగంట కూర్చుని ఆ పని చేసేయండి. బాధ 8 దగ్గర ఉన్నప్పుడు ఎవరికీ ఫొటో వెతికే ఓపిక ఉండదు.

పద్ధతులన్నీ అందరికీ పనికిరావు. యాప్ ఈ సంగతి సరిగ్గా హెచ్చరించదనేది మా ఫిర్యాదు.

శ్వాస తీసుకుందాం. 'గట్టిగా ఊపిరి పీల్చు' అనే మాట మన నోట ఊతపదం, భయంలో ఉన్న మనిషికి అది సరిగ్గా తిరగబడే సలహా. భయంలో ఇప్పటికే ఎక్కువ పీలుస్తుంటారు. ఇంకా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి తల తిరుగుతుంది, వేళ్లు, పెదాల చుట్టూ చిమచిమలాడతాయి, గుండె ఇంకా కొట్టుకుంటుంది. దాంతో 'నాకేదో అయిపోతోంది' అన్న భయం రెట్టింపు. మామూలుగా, ముక్కుతో, నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు లోపలికి. ఆరు లెక్కపెట్టేంతసేపు బయటికి. బలం పెట్టాల్సింది బయటికి వదలడం మీద. భుజాలు లేవకూడదు, పొట్ట కదలాలి. అయిదు నిమిషాలు. తల తిరిగితే మీరు ఎక్కువ పీలుస్తున్నట్టే, కాసేపు లెక్క మానేసి మామూలు ఊపిరికి రండి.

కండరాలు బిగించి వదిలే పద్ధతి నిద్రకు ముందు బాగుంటుంది. పిడికిలి అయిదు సెకన్లు బిగించి, దానికి రెండింతలసేపు వదిలేసి ఆ తేడా గమనించడం, తర్వాత భుజాలు, దవడ, కాళ్లు. నొప్పి పుట్టేంత బిగించక్కర్లేదు. కొందరికి మాత్రం ఒళ్లు వదులైతేనే భయం మొదలవుతుంది, కాపలా దింపితే మళ్లీ ఏదో జరుగుతుందన్నట్టు. అది వాళ్ల లోపం కాదు. అలాంటివాళ్లు కూర్చుని, కళ్లు తెరిచి, చేతులతో ఆపేస్తే చాలు.

ఒళ్లంతా తలనుంచి కాలిదాకా గమనించే వ్యాయామం, కళ్లు మూసుకుని అడవినో సముద్రతీరాన్నో ఊహించుకునేది, ఈ రెండూ కొందరికి చేటు. లైంగిక హింసకు గురైనవారికి ఒంటి మీద దృష్టి పెట్టడమే గాయాన్ని తట్టిలేపే ట్రిగ్గర్ కావచ్చు. చుట్టూ ఉన్నది కలలా, తన చేతులు తనవి కానట్టు అనిపించే స్థితిలో, అంటే డిసోసియేషన్‌లో ఉన్నవారికి కళ్లు మూయించడం అంటే జారిపోతున్నవాణ్ణి ఇంకాస్త నెట్టడమే. వీళ్లకు గ్రౌండింగ్, అంటే మనసును ఇప్పుడున్న చోటికి తెచ్చి నిలిపే పద్ధతి, సరైనది. కళ్లు తెరిచే ఉంచాలి. పాదాలు రెండూ నేలకు గట్టిగా నొక్కాలి. కనిపించే అయిదు వస్తువులు, తగిలే నాలుగు, వినిపించే మూడు, వాసన తెలిసే రెండు, నోటికి తెలిసే ఒక రుచి, పైకి మాట్లాడుతూ చెప్పాలి. 'గోడ' అని వదిలేస్తే మనసు మళ్లీ జారుతుంది. 'తెల్లగోడ, ఎడమవైపు మేకు, మేకు కింద తుప్పు మరక' అనాలి. వివరం ఎంత చిన్నదైతే పట్టు అంత గట్టిది. చన్నీళ్లు మొహాన కొట్టుకోవడం, ఇవాళ్టి తేదీ, ఇప్పుడు ఉన్న గది, తన వయసు పైకి చెప్పుకోవడం కూడా సాయపడతాయి.

ఏ పద్ధతైనా బాధ 2, 3 దగ్గర ఉన్నప్పుడు, రోజుకు రెండుసార్లు, ఓ రెండు వారాలు సాధన చేయాలి. వరదలో పడ్డాక ఈత నేర్చుకోలేం. మొదటిసారే 9 దగ్గర ప్రయత్నించి 'పని చేయట్లేదు' అని ఒక్క స్టార్ ఇచ్చే రివ్యూల వెనక చాలాసార్లు ఇదే కారణం.

నిద్ర విషయంలో యాప్ ఇచ్చేవి పైపై చిట్కాలే. ఇరవై నిమిషాలుగా దొర్లుతుంటే మంచం దిగి, మసక వెలుతురులో ఏదైనా చప్పటి పని చేసి, నిద్ర ముంచుకొచ్చాకే మళ్లీ పడుకోవడం. పీడకలలకు ఇమేజరీ రిహార్సల్ అని విడిగా ఒక పద్ధతి ఉంది. కలను పగటిపూట కాగితం మీద రాసి, దాని నడకో ముగింపో తనకు నచ్చినట్టు మార్చి, ఆ మార్చిన కలను రోజూ పది ఇరవై నిమిషాలు మనసులో నడిపించుకోవడం. మొదట మరీ భయంకరం కాని కలతో మొదలుపెట్టాలి. ఇది థెరపిస్టుతో కలిసి చేయడమే మేలు.

తడిగుడ్డతో వచ్చే చిక్కు

మానసిక గాయాన్ని మానకుండా పచ్చిగా ఉంచేది ముఖ్యంగా తప్పించుకోవడమే. ఆ చోటుకు వెళ్లకపోతే ఇవాళ్టికి హాయి, కానీ 'వెళ్లి ఉంటే ఏమయ్యేదో' అన్న భయం అలాగే నిలిచిపోతుంది. ఇప్పుడు యాప్ చేతికొచ్చింది. జ్ఞాపకం తలెత్తగానే ఫోన్ తీయడం, శ్వాస, అలల చప్పుడు, దిగింది. బాగానే ఉంది. కానీ మెదడు నేర్చుకున్న పాఠం 'ఈ జ్ఞాపకం ప్రమాదం, ఫోన్ ఉండబట్టి బతికాను' అని. ఛార్జింగ్ అయిపోతుందేమోనని బయటికి వెళ్లడం మానేసేదాకా వస్తే యాప్ కూడా తప్పించుకునే దారుల్లో ఒకటైపోయినట్టే.

దీనికి ఒకే ఒక్క కొండగుర్తు: సాధనాన్ని అక్కడ ఉండటానికి వాడండి, అక్కడి నుంచి పోవడానికి కాదు. ప్రమాదం తర్వాత కారెక్కలేకపోతున్న మనిషినే తీసుకోండి. ఆగి ఉన్న కారులో వెనక సీట్లో కూర్చుంటాడు. బాధ 7. శ్వాస రెండు నిమిషాలు, 6కి వచ్చాక ఫోన్ జేబులో పెట్టేసి అక్కడే కూర్చుంటాడు. 4, 3 అవడానికి అరగంట పట్టొచ్చు, ముప్పావుగంట పట్టొచ్చు. 7 దగ్గర దిగి పారిపోతే రేపు 8తో మొదలవుతుంది. 3 దాకా కూర్చుంటే రేపు 5తో. వారం తర్వాత ఇంజన్ ఆన్ చేసి, ఆ తర్వాత వీధి చివరిదాకా. నిజంగా ప్రమాదం ఉన్న చోట, అంటే కొట్టే మనిషి ఇంకా ఇంట్లోనే ఉన్నప్పుడు, ఇది వర్తించదు. అక్కడ భయం అబద్ధం చెప్పట్లేదు, ముందు క్షేమంగా బయటపడటమే పని.

యాప్ చేయలేనిది

గాయాన్ని నేరుగా తాకే చికిత్సలు వేరు. వాటి పేర్లు తెలిసి ఉంటే ఎవరి దగ్గరికి వెళ్లినా అడగడానికి నోరు లేస్తుంది. ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్‌లో 8 నుంచి 15 సిట్టింగులు, ఒక్కోటి గంట నుంచి గంటన్నర. జరిగినదాన్ని ఇప్పుడే జరుగుతున్నట్టు పైకి చెబుతారు, రికార్డు చేసి ఇంటి దగ్గర రోజూ వింటారు, దానితోపాటు తప్పించుకుంటున్న చోట్లకు మెట్టుమెట్టుగా వెళ్తారు. కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ మామూలుగా 12 సిట్టింగులు. ఇందులో సంఘటన వివరాలకన్నా, దానివల్ల మనసులో గడ్డకట్టిన నమ్మకాల మీద పని, 'నేను అరిచి ఉంటే ఆగేది' లాంటివి. వాటిని కాగితం మీద పెట్టి సాక్ష్యాలు అడుగుతారు. ఈఎండీఆర్‌లో జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుని కళ్లతో థెరపిస్టు వేళ్ల కదలికను అనుసరిస్తారు. పని చేస్తుందన్నదానికి ఆధారం ఉంది, ఆ కళ్ల కదలిక ఎంతవరకు అవసరమన్న దాని మీదే వాదన. అమెరికా మాజీ సైనికుల, రక్షణ శాఖలు కలిసి ఇచ్చిన 2023 మార్గదర్శకాలు ఈ మూడింటినీ ముందు వరసలో పెట్టాయి. ఎక్కువ మాట్లాడలేనివారికి రిటెన్ ఎక్స్‌పోజర్ థెరపీ ఒకటుంది: అయిదు సిట్టింగులు, ప్రతిదాంట్లో అరగంట రాయడం.

పీటీఎస్‌డీ కోచ్ తయారుచేసినవాళ్లవే పీఈ కోచ్, సీపీటీ కోచ్ అని రెండు యాప్‌లున్నాయి. అవి పై మొదటి రెండు చికిత్సల్లో ఉన్నవారికి తోడుగా చేసినవి, థెరపిస్టు లేకుండా వాటిని మొదలుపెట్టొద్దు.

కౌన్సెలర్‌ని ఎంచుకునేటప్పుడు ఫోన్లోనే అడగండి: గాయానికి మీరు వాడే పద్ధతి ఏది, దానిలో శిక్షణ ఎక్కడ తీసుకున్నారు, సుమారు ఎన్ని సిట్టింగులు, మధ్యలో ఇంటి పని ఉంటుందా, స్కోరు ఎన్నాళ్లకోసారి కొలుస్తారు. సమాధానం సూటిగా రావాలి. మొదటి రోజే అంతా చెప్పి తీరాలని పట్టుబట్టేవారూ, ఆరు నెలలైనా ఆ ఊసే ఎత్తకుండా వారం విశేషాలతో గడిపేవారూ, ఇద్దరూ వద్దు. హిప్నాటిజంతో మరుగునపడ్డ జ్ఞాపకాలు తవ్వి తీస్తామంటే లేచి వచ్చేయండి, లేని జ్ఞాపకాలు పుట్టుకొచ్చే ప్రమాదం ఉంది.

మందుల మాట సైకియాట్రిస్టుది. సెర్ట్రాలిన్, పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ లాంటివి ఇస్తారు. గుణం తెలియడానికి వారాలు పడుతుంది, బాగుందని హఠాత్తుగా ఆపకూడదు. అల్ప్రజోలం, క్లోనజెపం తరగతి మందులు ఆ రాత్రికి నిద్ర ఇస్తాయి గానీ పీటీఎస్‌డీకి వాటిని వాడొద్దని పైన చెప్పిన 2023 మార్గదర్శకాలే అంటున్నాయి. ఇప్పటికే వాడుతుంటే సొంతంగా మానేయొద్దు, డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి.

చిన్నప్పటి నుంచీ ఏళ్ల తరబడి హింస అనుభవించినవారికి ఈ యాప్ ఒక్కటే అస్సలు చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11, 2022 నుంచి అమల్లో ఉన్నది, దాన్ని కాంప్లెక్స్ పీటీఎస్‌డీ అని వేరుగా గుర్తించింది. తన మీద తనకు తీరని రోత, భావాలు అదుపులో లేకపోవడం, బంధాలు నిలుపుకోలేకపోవడం అందులో ముఖ్యం. పీసీఎల్-5 వీటిని సరిగ్గా పట్టుకోదు.

సాయం, గోప్యత, ఆధారం

సాయం భాగం యాప్‌లో అన్నిటికన్నా బలహీనం. అందులోని అత్యవసర నంబర్లు అమెరికావి, మిగతావాళ్లకు అలంకారమే. ఇన్‌స్టాల్ చేసిన రోజే మీ ప్రాంతపు అత్యవసర నంబరు, ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైను, రాత్రి రెండింటికైనా ఫోనెత్తే ఇద్దరు మనుషుల నంబర్లు చేర్చుకోండి. 'ఇప్పుడు బాలేదు, ఊరికే లైన్లో ఉండు' అని ఒక మెసేజ్ ముందే రాసి ఉంచుకుంటే ఇంకా మంచిది, ఆ సమయానికి మాటలు కూడబలుక్కోవడం కష్టం. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే యాప్ తెరవకండి, మనిషికి ఫోన్ చేయండి.

మీరు నింపినవి ఫోన్లోనే ఉంటాయి. మంచిదే, కానీ ఫోన్ ఎవరి చేతికి చిక్కితే వాళ్లకు యాప్ పేరు కనిపిస్తుంది. హింసించే మనిషితో ఒకే ఇంట్లో ఉన్నవాళ్లు ఇది గట్టిగా ఆలోచించాలి, కాగితం మీద స్కోరు వేసుకుని వేరేచోట దాచడం కొందరికి నయం.

పని చేస్తుందా అంటే, 2017లో వెలువడ్డ ఒక పరిశోధనలో 120 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు మూడు నెలలు ఈ యాప్ ఇచ్చారు, రెండో జట్టును ఆగమన్నారు. యాప్ జట్టులో లక్షణాలు ఎక్కువ తగ్గాయి. ఏమీ లేకపోవడంతో పోలిస్తే మెరుగన్నమాట, చికిత్సతో పోల్చిన లెక్క కాదు. పక్కన ఒక మనిషి ఉండి అప్పుడప్పుడూ చిన్న సిట్టింగుల్లో యాప్ వాడకం చూసి సర్దుతుంటే ఫలితం ఇంకా మెరుగన్నది మా నమ్మకం. ఒంటరిగా ఇన్‌స్టాల్ చేసినవాళ్లలో చాలామంది రెండో వారానికే తెరవడం మానేస్తారు మరి.

మా లెక్కలో కొలతకు అయిదుకు అయిదు, సాధనాలకు మూడున్నర, సాయానికి ఒకటి. రెండు నెలలు వాడాక స్కోరు పది కూడా తగ్గకపోతే, లేదా తగ్గినా 6, 7 ప్రశ్నలు కదలకపోతే, ఆ గ్రాఫు తీసుకుని పైన చెప్పిన మూడు చికిత్సల్లో ఏదైనా చేసేవారి దగ్గరికి వెళ్లండి. ఫోన్ మార్చేముందు గ్రాఫు స్క్రీన్‌షాట్ తీసుకోవడం మర్చిపోకండి, యాప్ తీసేస్తే నెలల కొలతలన్నీ దానితోపాటే పోతాయి.